నగరం అంచున ఖాళీ నేల: కొనడమా, నిర్మాణ హక్కులు తీసుకోవడమా, జోనింగ్‌తో ఆపడమా?

నగరం చుట్టూ మిగిలిన పొలాలు, గడ్డి నేలలు, వాగు గట్లు కాపాడాలనుకునే వాళ్లంతా అడిగే ప్రశ్న ఇదే. చాలామంది ముందు ఖర్చు పోలుస్తారు. నేను మాత్రం ముందు అడిగేది, పదిహేనేళ్ల తర్వాత ఆ నేల మీద ఏటా ఎవరి కన్ను ఉంటుందని.

జోనింగ్, అంటే ఏ నేలను దేనికి వాడాలో ప్రభుత్వం నిబంధనలతో గీత గీయడం, అన్నిటికంటే చవక, వేగం కూడా. కానీ గీత గీసిన చేతికే దాన్ని చెరిపే అధికారమూ ఉంటుంది. దక్షిణ కొరియాలోని సియోల్ చుట్టూ గ్రీన్‌బెల్ట్, అంటే నిర్మాణాలను కట్టడి చేసే పచ్చని వలయం, 1971లో మొదలైంది. భూమిని ఏ రకంగానూ వాడుకోలేని యజమానులకు పరిహారం లేకపోవడం రాజ్యాంగానికి విరుద్ధమని 1998లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది, ఆ తర్వాత సడలింపులు వచ్చాయి. అందుకని జోనింగ్‌ను మిగతా పనులకు గడువు సంపాదించే సాధనంగానే చూడాలి.

పూర్తిగా కొనేస్తే యాజమాన్యం మీద తగువు ఉండదు. అమెరికాలోని బౌల్డర్ ఓటర్లు 1967లో ఇందుకోసమే అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. జనం తిరగాల్సిన చోటు, తాగునీటి పరీవాహక వాలు అయితే కొనడమే సరైనది. అయితే కొన్న రోజు నుంచే కంచె, చెత్త, వేసవి మంటలు, పరాయి కలుపు మొక్కల బాధ్యత మీదే. కాలిబాట ఒక్కటి తప్పుగా వేసినా కొండవాలు కోసుకుపోతుంది. బాట ఏటవాలు 10 శాతం లోపు ఉండాలి, ఆ చోటి కొండవాలులో సగానికి మించకూడదు. మించితే వాననీరు పక్కకు జారకుండా బాట వెంటే పరుగెత్తి దాన్ని కాలువ చేస్తుంది. గడ్డినేలను విత్తనం రాలాకే కోయాలి. కోసిన గడ్డిని అక్కడే వదిలితే నేలలో పోషకాలు పెరిగి, ముతక గడ్డి పూలమొక్కలను మింగేస్తుంది.

సాగులో ఉన్న భూమికి నా ఓటు నిర్మాణ హక్కులు తీసుకునే దారికే. రైతు యజమానిగానే ఉంటాడు, నిర్మాణ హక్కులు మాత్రం శాశ్వతంగా వదులుకుంటాడు. హక్కులున్నప్పటి విలువలోంచి లేనప్పటి విలువ తీసేస్తే వచ్చే తేడాయే ఆయనకు చెల్లించాల్సిన మొత్తం. నేలకు రోజూ చూసే మనిషి దొరుకుతాడు.

ఇది చెడేది దాదాపు ఎప్పుడూ కాగితాల దగ్గరే. భూమి తాకట్టులో ఉంటే, మన ఒప్పందానికే ముందు వరుస ఇస్తూ అప్పిచ్చిన సంస్థ రాసివ్వాలి. లేకపోతే జప్తు వేలంలో ఒప్పందం కొట్టుకుపోతుంది. ‘వ్యవసాయ కట్టడాలకు అనుమతి’ అని ఊరికే రాస్తే అతిథి గృహం కూడా గోదామే అవుతుంది. కట్టుకోదగ్గ చోటును పటం మీద హద్దులతో గుర్తించి, మొత్తం విస్తీర్ణం అంకెల్లో రాయాలి. భూమిని ముక్కలు చేయకూడదన్న షరతు విడిగా పెట్టాలి. సంతకాలకు ముందే హద్దురాళ్లు, బావులు, షెడ్లు, దారులు అన్నీ ఫొటోలు తీసి, ప్రతి ఫొటోకూ జీపీఎస్ స్థానం, తేదీ చేర్చి నివేదిక తయారుచేయాలి. ఉల్లంఘన జరిగినప్పుడు ‘ఇది ముందు లేదు’ అని రుజువు చేసేది అదే. ఒప్పందం చేసిన యజమాని కంటే, ఆ తర్వాత వారసుడో కొనుగోలుదారో వచ్చాకే గొడవలు ఎక్కువ. అందుకే ఏటా ఒకసారి నేల మీద నడిచి చూడటం, యజమాని మారిన వెంటనే కలిసి షరతులు వివరించడం తప్పనిసరి.

హక్కుల బదిలీ (టీడీఆర్), అంటే పొలం మీది నిర్మాణ హక్కును నగరంలో కట్టుకునేవాళ్లకు అమ్మడం, నగరంలో అదనపు అంతస్తులకు గట్టి గిరాకీ ఉన్నచోటే నడుస్తుంది. అదనపు ఎత్తు ఉచితంగా దొరికే ఊళ్లో ఆ హక్కులు ఎవరూ కొనరు.

ఏ ఒప్పందానికైనా పర్యవేక్షణ నిధి ముందే ఉండాలి. నిధిలోంచి ఏటా 4 శాతమే వాడాలనుకుంటే, వార్షిక తనిఖీ ఖర్చుకు 25 రెట్లు అసలు సొమ్ము కావాలి, కోర్టు ఖర్చులకు మరికొంత విడిగా. ఆ సొమ్ము చేతిలో పడేదాకా రిజిస్ట్రేషన్ వాయిదా వేయండి.