బండల కింద కుక్కను వెతికే లొకేటర్ కాలర్: మూడు సీజన్లు వాడాక

మా చిట్టి ఆరున్నర కిలోల టెర్రియర్, అంటే వేటలో బొరియల్లోకి దూరే చిన్న జాతి కుక్క. పోయిన సీజన్‌లో ఒక రాళ్లగుట్ట కింద పంతొమ్మిది గంటలు ఇరుక్కుపోయింది. ఆ రోజు ఈ లొకేటర్ కాలర్ నాకు ఎంత సాయం చేసిందో, మొదటి రెండు గంటలు ఎలా దారి తప్పించిందో రెండూ చెప్పాలి. కొనేటప్పుడు నేను చదివిన రివ్యూలన్నీ మట్టి బొరియల్లో కుక్కను దింపేవాళ్లు రాసినవే. రాతి నేలలో పనిచేసేవాళ్లకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

సెట్టులో ఉండేవి రెండే. కుక్క మెడకు కట్టే కాలర్, దానికి బిగించిన చిన్న ట్రాన్స్‌మిటర్ ఒకటి. మన చేతిలో ఉండే రిసీవర్ పెట్టె రెండోది. పెట్టెను నేలకు దగ్గరగా పట్టుకుని నడుస్తుంటే కుక్క ఉన్న వైపు బీప్ గట్టిపడుతుంది, తెర మీద లోతు మీటర్లలో కనిపిస్తుంది. మట్టిలో దీనికి వంక పెట్టలేను. అది చూపించిన చోట తవ్విన ప్రతిసారీ జానెడు తేడాతో కుక్క దొరికింది.

రాళ్లలోకి వచ్చేసరికి చిక్కు మొదలవుతుంది. కాలర్ చుట్టూ ఉండేది అయస్కాంత క్షేత్రం. దూరం రెట్టింపైతే దాని బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే సిగ్నల్ ఉన్నట్టుండి వస్తుంది, ఉన్నట్టుండి పోతుంది. రాయి దాన్ని పెద్దగా అడ్డుకోదు కానీ ఇనుప కంచె, పైపు పక్కన ఉంటే అంకెలు తారుమారవుతాయి. అంతకన్నా పెద్ద సమస్య కుక్క ఉన్న భంగిమ. కుక్క నాలుగు కాళ్ల మీద ఉందనుకుని పెట్టె లోతు లెక్కగడుతుంది. బండల సందులో అది ఒక పక్కకు ఒరిగిపోయినా, తల కిందికి పెట్టి వేలాడుతున్నా కాలర్‌లో సిగ్నల్ పంపే తీగచుట్ట (కాయిల్) తిరిగిపోతుంది, లెక్క తప్పుతుంది.

మాకు జరిగింది అదే. పెట్టె ఒకటిన్నర మీటర్లు చూపించింది. నేను గడ్డపార తీసుకుని నేరుగా అక్కడే రాళ్లు కదపబోయాను. నాతో వచ్చిన మిత్రుడు చెయ్యి పట్టుకుని ఆపాడు. "తొందరపడకురా, పై రాయి తీస్తే కింది రాయి జారి దాని మీదే పడుతుంది" అన్నాడు. నిజమే. మట్టిలో తవ్వితే పక్కకు గోడ నిలుస్తుంది. రాళ్లగుట్టలో ప్రతి రాయీ ఇంకో రాయిని మోస్తూ ఉంటుంది, ఏది దేన్ని పట్టుకుందో పైనుంచి చూస్తే తెలియదు. జాగ్రత్తగా ఒక్కొక్కటీ తీసినా రెండు గంటల తర్వాత కింద కుక్క లేదు. మొరుగు ఒకసారి కాళ్ల కింద, ఒకసారి ఎదురుగా వినిపించింది. ఖాళీ సందుల్లో శబ్దం తిరుగుతుంది కాబట్టి చెవిని నమ్మడానికీ లేదు.

అప్పుడు పద్ధతి మార్చాం. లోతు అంకె చూడటం మానేసి, పెట్టెను నాలుగు వైపుల నుంచీ తెచ్చి బీప్ పెరిగి తగ్గే చోటల్లా సుద్దముక్కతో గీతలు పెట్టాం. గీతలన్నీ వాలు కింది వైపు, దాదాపు మూడు మీటర్లు పక్కన కలిశాయి. అక్కడ అరచేయి పట్టేంత నెర్రె ఒకటి ఉంది. టార్చ్ వేస్తే రెండు కళ్లు మెరిశాయి. నడుమెత్తు మెట్టు మీద నుంచి కిందికి జారి, నున్నటి బండ ఎక్కలేక అక్కడే ఉండిపోయింది. నెర్రెను వెడల్పు చేసేసరికి తెల్లవారింది. చెక్క పలకకు గోనెపట్టా మేకులతో కొట్టి లోపలికి వాల్చాం. చిట్టి గోళ్లు గోనెలో గుచ్చుకుంటూ, ఆగి ఆగి, పాక్కుంటూ పైకొచ్చింది. దాని ఒళ్లు చల్లగా అయిపోయి వణుకుతోంది. బండల సందుల్లో చల్లగాలి ఆగకుండా వీస్తూనే ఉంటుంది.

ఇంగ్లండ్‌లోని లేక్ డిస్ట్రిక్ట్‌లో ఇలాంటి రాళ్లగుట్టలను బోరన్ అంటారు. అక్కడి కొండ టెర్రియర్లను సన్నటి ఛాతీ, ఎక్కే నేర్పు చూసి పెంచుతూ వచ్చింది ఈ నేల కోసమే. అలాంటి కుక్కలు కూడా ఇరుక్కుంటాయి. యార్క్‌షైర్ సున్నపురాయి కొండల్లో 1935 నుంచి పనిచేస్తున్న కేవ్ రెస్క్యూ ఆర్గనైజేషన్ మనుషులతో పాటు జంతువులనూ బయటికి తీస్తుంది. మీ దగ్గర అలాంటి దళం ఉంటే నంబర్ ముందే ఫోన్‌లో పెట్టుకోండి. సొంతంగా బండలు పేల్చడం, జాకీలతో ఎత్తడం లాంటివి దయచేసి చేయకండి.

లోపలున్న కుక్క కోసం ఇంకో కుక్కను అస్సలు పంపకండి. అది వెనకనుంచి తోస్తే మొదటిదానికి వెనక్కి వచ్చే దారి మూసుకుపోతుంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2004 నాటి హంటింగ్ చట్టం ప్రకారం తుపాకీతో వేటాడేందుకు ఉంచుకున్న పక్షుల రక్షణకు అనుమతించిన సందర్భంలోనూ భూమిలోకి ఒకేసారి ఒక్క కుక్కనే దింపాలి. చట్టం లేని చోట కూడా నేను ఇదే పాటిస్తాను.

ఇక వస్తువులో లోపాలు. పట్టీ చివర వేలెడు పొడవు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. మట్టిలో పట్టించుకోనక్కర్లేదు, రాతి సందులో మాత్రం అదే కొక్కెంలా తగులుకుంటుంది. నేను కోసేసి అంచును టేపుతో చుట్టాను. మామూలు కాలర్ కూడా ముందే తీసేస్తాను, మెడకు ఇదొక్కటే ఉంటుంది. పట్టీ కింద ఒక వేలు మాత్రమే దూరాలి. పెట్టె మీద రేంజ్ మీట (ఎంత దూరం వరకు వెతకాలో పెట్టేది) జేబులో రాసుకుని దానంతటదే మారిపోతుంది, రెండుసార్లు అలా మోసపోయాను. బ్యాటరీ మూత దగ్గరి రబ్బరు వాషర్ రెండో సీజన్‌కే చీలింది, లోపలికి తడి చేరింది. అమ్మినవాళ్లకు రాస్తే వారంలో కొత్త వాషర్ పంపారు, అది మెచ్చుకోవాలి. చలిలో బ్యాటరీ త్వరగా పడిపోతుంది కాబట్టి దింపే ముందు ప్రతిసారీ కొత్తది వేస్తాను. పంతొమ్మిది గంటలు సిగ్నల్ ఆగకపోవడానికి కారణం ఆ పొద్దున వేసిన కొత్త బ్యాటరీయే.

మట్టికి ఐదుకి ఐదు ఇస్తాను. రాతికి మూడు. కొనేవాళ్లు ఇంకో కాలర్ విడిగా తీసుకుని, దాన్ని ముందు ఖాళీ సందులో తాడు కట్టి దించి, మీ నేలలో పెట్టె ఎంత తప్పు చూపిస్తుందో కొలుచుకోండి. మా గుట్ట దగ్గర రెండు మీటర్ల తాడుకు పెట్టె ఒకసారి 1.2 చూపించింది, కాలర్‌ను పక్కకు తిప్పితే 3 దాటింది. చిట్టిని ఆ గుట్టలోకి మళ్లీ దింపలేదు.