నల్లగొండలో పాత ల్యాప్‌టాప్ కొన్నవాళ్లకు హెచ్చరిక: మీ డిస్కు తాళం ఎవరి ఖాతాలో ఉందో ఈ రోజే చూసుకోండి

శనివారం మధ్యాహ్నం నుంచి మా ఇంట్లో పని ఆగిపోయింది. పడుగు (చీర నిలువు పోగులు) సగం వరకు చిటికి కట్టి ఉంది, అంటే రంగు అంటకూడని చోట్ల ముడులు వేసి ఉంది. మిగతా సగం ఎలా కట్టాలో చూపించే గ్రాఫు ల్యాప్‌టాప్‌లో ఉంది. ఆ ల్యాప్‌టాప్ నా ఎదురుగానే ఉంది, కానీ అది తెరుచుకోవడం లేదు. నీలం రంగు తెర మీద 48 అంకెల కీ అడుగుతోంది. ఆ కీ నాకు ఎవరూ ఇవ్వలేదు. అసలు నా డిస్కుకు తాళం పడిందన్న సంగతే నాకు ఎవరూ చెప్పలేదు.

గడియారం సెంటర్ వైపు, దసరాకు ముందు పాత ల్యాప్‌టాప్ ఇచ్చి విండోస్ 11 ఉన్నది తీసుకెళ్లమని బోర్డు పెట్టిన దుకాణం అది. పేరు రాయడం లేదు. అక్కడ కొన్నవాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మా గట్టుప్పల నుంచే నలుగురం అక్కడ కొన్నాం. చండూరు నుంచి కూడా వెళ్లినవాళ్లు ఉన్నారు.

జరిగింది త్వరగా చెప్తాను. మాది చేనేత కుటుంబం. మా ఆయన మగ్గం నేస్తారు, మా అత్తమ్మ చిటికి కడుతుంది, డిజైన్లు నేను గీస్తాను. మూడేళ్లుగా గ్రాఫు కాగితం మానేసి కంప్యూటర్ మీదే గళ్లు నింపుతున్నాను. పాత ల్యాప్‌టాప్ విండోస్ 10ది. దానికి పదకొండు ఎక్కదు. "అక్టోబర్ 14 తర్వాత ఇది పనిచేయదక్కా, ఇప్పుడే మార్చుకోండి" అని దుకాణం యజమాని అన్నాడు. నేను నమ్మాను. పాతది ఇచ్చేసి, పైన 13,500 రూపాయలు కట్టి, ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్ తీసుకున్నాను. నా ఫైళ్లన్నీ కొత్తదానిలోకి ఎక్కించి, పాతదాన్ని అక్కడికక్కడే తుడిచేశారు.

ఆయన చెప్పింది నిజం కాదని నాకు తర్వాత తెలిసింది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిన మాట వాస్తవమే. కానీ ఆ రోజుతో కంప్యూటర్ ఆగిపోదు. పైగా ఇళ్లలో వాడుకునేవాళ్లు నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు వస్తాయి. సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాలోకి బ్యాకప్ చేసుకునేవాళ్లు దానికి డబ్బు కూడా కట్టనక్కర్లేదు. ఇది నాకు ఎవరైనా ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ పాత ల్యాప్‌టాప్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉండేది, అందులో నా డిజైన్లూ ఉండేవి.

కొత్తది నెలన్నర బాగానే నడిచింది. భద్రతా అప్‌డేట్లు మాత్రం ఒక్కటీ ఎక్కేది కాదు. ప్రతిసారీ విఫలమైందని చూపించేది. హైదరాబాద్‌లో చదువుతున్న మా మేనల్లుడికి ఫోను చేస్తే, విండోస్ ఏ వెర్షనో చూపించే విన్‌వర్ అని టైపు చేసి వచ్చిన అంకెలు చదవమన్నాడు. 26100.2314 అని ఉంది. "అత్తా, ఇది 2024 నవంబర్ నాటిది. ఏడాదిగా దీనికి ఏమీ ఎక్కలేదు" అన్నాడు.

ఇది అందరికీ తెలిసిన లోపమేనట. విండోస్ 11లోని 24హెచ్2 వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ ప్రకటించిన సమస్యల జాబితాలోనే ఉంది. 2024 అక్టోబర్ 8కీ నవంబర్ 12కీ మధ్య విడుదలైన భద్రతా అప్‌డేట్లను కలిపి తయారు చేసిన పెన్‌డ్రైవ్‌తోనో డిస్కుతోనో విండోస్ ఎక్కిస్తే, ఆ తర్వాతి భద్రతా అప్‌డేట్లను ఆ కంప్యూటర్ తీసుకోలేని స్థితిలో ఉండిపోవచ్చు. ఇంటర్నెట్ ద్వారా మామూలుగా అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. పరిష్కారం కూడా అక్కడే రాసి ఉంది: 2024 డిసెంబర్ 10న గానీ ఆ తర్వాత గానీ వచ్చిన అప్‌డేట్‌ కలిసిన కొత్త పెన్‌డ్రైవ్‌తోనో డిస్కుతోనో మళ్లీ ఎక్కించడం. అంటే ఈ దుకాణంవాళ్లు ఏడాది కిందట చేసుకున్న ఒకే పెన్‌డ్రైవ్‌తో ఇన్ని ల్యాప్‌టాప్‌లకు విండోస్ ఎక్కించి అమ్ముతున్నారు. దాన్ని మార్చడానికి ఒక గంట పని. ఆ గంట కూడా వాళ్లు మన కోసం పెట్టలేదు.

ఇంతవరకైతే నేను ఇది రాసేదాన్నే కాదు. తప్పు ఎవరైనా చేస్తారు, దిద్దితే సరిపోతుంది. అందుకే శనివారం ల్యాప్‌టాప్ పట్టుకుని బస్సెక్కాను. మేనల్లుడు చెప్పినదంతా కాగితం మీద రాసుకుని వెళ్లాను. విండోస్ తెరిచి ఉండగానే కొత్త పెన్‌డ్రైవ్‌లోని సెటప్ నడపాలి, ఫైళ్లు అలాగే ఉంచమని అడిగే చోట అవునని చెప్పాలి, అంతే. ఆ కాగితం కౌంటర్ దగ్గరి అబ్బాయికి ఇచ్చాను. ఇరవై ఏళ్లు కూడా ఉండవు. చదివాడు, పక్కన పెట్టాడు. అలవాటు కొద్దీ ల్యాప్‌టాప్ ఆపేసి, మళ్లీ వేసి, విండోస్ కంటే ముందు వచ్చే బయోస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లాడు.

పెన్‌డ్రైవ్ నుంచి మొదలు కావడం లేదని సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే రక్షణ) ఆపాడు. అప్పటికీ కాలేదు. ఇంకేదో మార్చాడు. తెర మీద ఇంగ్లీషులో ఒక హెచ్చరిక వచ్చింది. తాళం కీలను దాచే టీపీఎం చిప్పును తుడిచేయబోతున్నారు, అందులోని కీలన్నీ పోతాయి, వాటితో ఎన్‌క్రిప్ట్ అయిన (తాళం పడిన) డేటా ఇక అందదు అని. నేను ఇటు నుంచి చదవడానికి తల వంచేలోపే వాడు మీట నొక్కేశాడు. నొక్కే ముందు చదవలేదు. ఆ తర్వాత వచ్చిందే ఈ నీలం తెర.

సెక్యూర్ బూట్ ఒక్కటే ఆపి ఉంటే, దాన్ని తిరిగి వేయగానే డిస్కు తెరుచుకునే అవకాశం ఉండేదని మేనల్లుడు తర్వాత చెప్పాడు. చిప్పును తుడిచాక ఇక దారి ఒక్కటే, ఆ 48 అంకెలు.

యజమాని వచ్చి చూశాడు. "ఇది మాకు సంబంధం లేదు, మీరే ఏదో పాస్‌వర్డ్ పెట్టుకుని ఉంటారు" అన్నాడు. నేను పెట్టలేదన్నాను. అప్పుడు తెర మీద కింద ఒక వాక్యం కనిపించింది. 24హెచ్2 నుంచి ఈ రికవరీ తెర, కీ ఏ మైక్రోసాఫ్ట్ ఖాతాలో దాచి ఉందో కొద్దిగా సూచన ఇస్తుంది. మెయిలు మొదటి అక్షరాలు చూపించి మిగతావి చుక్కలుగా వదిలేస్తుంది. ఆ మొదటి అక్షరాలు నావి కావు. సంచిలోంచి బిల్లు తీసి పక్కన పెట్టాను. బిల్లు మీద అచ్చయిన దుకాణం మెయిలు సరిగ్గా ఆ అక్షరాలతోనే మొదలవుతుంది.

"చూడండి, ఇది మీ ఖాతానే కదా. అందులోకి వెళ్తే కీ ఉంటుంది. ఒక్కసారి చూసి చెప్పండి" అన్నాను. గొంతు పెంచలేదు. నిజంగా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు ధైర్యం వచ్చింది, పోనీలే దొరికింది అనుకున్నాను.

ఆ అబ్బాయి కూడా చూసి, "అవునన్నా, మనం అన్నింటికీ పెట్టే మెయిలే ఇది" అన్నాడు.

యజమాని వాడి వైపు ఒక చూపు చూశాడు. చేయి చాపి ల్యాప్‌టాప్ మూత వేసేశాడు. నేను ఇంకా బిల్లు మీద వేలు పెట్టే ఉన్నాను. మూత వేసి, నా వైపు తోసి, "నువ్వు ఎవరో చెప్పింది విని వచ్చి మాకు పాఠాలు చెప్పకు. నీ ఫైళ్లు నువ్వు దాచుకోవాలి. ఫార్మాట్ చేయాలంటే 800 అవుతుంది, లేకపోతే తీసుకెళ్లు" అన్నాడు.

సెప్టెంబర్‌లో డబ్బు లెక్కపెట్టి తీసుకున్నప్పుడు నేను "అక్కా", "మీరు". కొనేటప్పుడు కుర్చీ వేసి చాయ్ తెప్పించిన మనిషి. నా కంటే పదేళ్లు చిన్నవాడు. దుకాణంలో ఇంకో ముగ్గురు కొనుగోలుదారులు ఉండగా "నువ్వు" అన్నాడు. డబ్బు పోతే సంపాదించుకోవచ్చు, కానీ ఆ మూత వేసిన చప్పుడు నా చెవిలోంచి పోవడం లేదు. సాక్ష్యం కళ్ల ముందు వెలుగుతూ ఉంటే దాన్ని మూసేశాడు. ఖాతా తెరవడానికి అయిదు నిమిషాలు పట్టేది. "పాస్‌వర్డ్ మరిచిపోయాను, వెతికి చెప్తాను" అని అబద్ధమైనా చెప్పలేదు.

ఇంటికి వచ్చాక మొత్తం తెలుసుకున్నాను. 24హెచ్2ను కొత్తగా ఎక్కించి, మొదటిసారి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లోపలికి వెళ్తే, అర్హత ఉన్న యంత్రాల్లో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అవుతుంది, హోమ్ ఎడిషన్‌లో కూడా. అంతకు ముందు వెర్షన్లలో యంత్రానికి ఉండాల్సిన కొన్ని షరతులు 24హెచ్2లో సడలించారు కాబట్టి ఇలాంటి పాత ల్యాప్‌టాప్‌లు కూడా ఇప్పుడు అందులోకి వస్తున్నాయి. కీ ఆ ఖాతాలోకి వెళ్లి చేరుతుంది. ఆ ఏర్పాటులో తప్పేమీ లేదు. ల్యాప్‌టాప్ దొంగల చేతిలో పడితే మన వివరాలు వాళ్లకు అందకుండా పెట్టిన రక్షణ అది. కానీ ఈ దుకాణంవాళ్లు తమ ఖాతాతో లోపలికి వెళ్లి, పని పూర్తి చేసి, తర్వాత మామూలు యూజర్ ఖాతాగా మార్చి మనకు ఇస్తున్నారు. ఖాతా మారినా తాళం అలాగే ఉంటుంది, కీ వాళ్ల దగ్గరే ఉంటుంది. పోగొట్టుకున్న కీని మైక్రోసాఫ్ట్ కూడా తిరిగి తయారు చేసి ఇవ్వలేదు. "అన్నింటికీ పెట్టే మెయిలే" అని ఆ అబ్బాయి అన్న మాట గుర్తుంచుకోండి. అక్కడ కొన్న మనందరి డిస్కుల తాళాలూ ఒకే మనిషి ఖాతాలో ఉన్నాయి.

నా తప్పూ ఉంది. మూడేళ్ల పని, 200కు పైగా డిజైన్లు, ఒక్క చోటే పెట్టుకున్నాను. 500 రూపాయల పెన్‌డ్రైవ్ కొని ఇంకో చోట పెట్టి ఉంటే నేను ఆ కౌంటర్ ముందు అలా నిలబడేదాన్ని కాదు. పట్టుచీరకు ఒక్క పోగు తెగితే కూడా చూసి ముడేసేదాన్ని, దీని విషయంలో అంత నిర్లక్ష్యంగా ఎలా ఉన్నానో నాకే తెలియదు. కొనుగోలుదారులకు వాట్సాప్‌లో పంపిన బొమ్మలు కొన్ని ఫోనులో ఉన్నాయి. అవి పనికిరావు. చీర ఎలా ఉంటుందో చూడటానికి సరిపోతాయి గానీ, దగ్గరకు లాగితే గళ్లు మసకబారిపోతున్నాయి. గడి లెక్క తెలియకపోతే చిటికి ఎక్కడ కట్టాలో తెలియదు. ఒక్క గడి తప్పితే రంగు పక్క పోగుల్లోకి పోతుంది, కొంగు మీద పువ్వు విరిగిపోతుంది. మా అత్తమ్మ రెండు రోజులుగా కట్టిన సగం పడుగు ముందు కూర్చుని, తన ముడులను తానే లెక్కపెడుతూ కాగితం మీదకు ఎక్కిస్తోంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. సంక్రాంతికి ఇవ్వాల్సిన చీరలు అవి.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు రాయించాను. బిల్లు ఉంది, ఆ తెర ఫొటో ఉంది. దానితో ఆగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

మీరు చేయాల్సింది కొంచెమే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీలోకి వెళ్లి డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందో లేదో, ఉంటే ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉండి, మొదట మీ సొంత ఖాతాతో మొదలుపెట్టి ఉండకపోతే, ముందుగా ఫైళ్లన్నీ బయట ఇంకో చోటికి కాపీ చేసుకోండి. తర్వాత దాన్ని ఆఫ్ చేయండి. తాళం పూర్తిగా విడిపోవడానికి సమయం పడుతుంది, ఆ లోపు చార్జర్ తీయకండి. మళ్లీ వేసుకోవాలనుకుంటే మీ సొంత ఖాతాతో వేసుకుని, 48 అంకెలూ కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి. విన్‌వర్‌లో 26100 తర్వాతి అంకె 2314 దగ్గరే ఆగి ఉంటే మీది కూడా ఆ పాత పెన్‌డ్రైవ్ బాపతే కావచ్చు. దాన్ని బాగుచేయించే ముందు, ఎవరి చేతికీ ఇవ్వకముందే, పై పని చేయండి. కొత్తగా కొనేవాళ్లు మొదటి తెర నుంచీ మీ ఎదురుగా, మీ ఖాతాతోనే మొదలుపెట్టమని అడగండి.

నేను ఫార్మాట్ చేయనివ్వలేదు. డిస్కు ఎలా ఉన్నదో అలాగే ఉంది. కీ దొరికితే ఈ క్షణంలో తెరుచుకుంటుంది. ఆ కౌంటర్ దగ్గరి అబ్బాయి ఇది చదివితే, బాబూ, నీ మీద నాకు కోపం లేదు. తెర మీది కీ ఐడీ (ఏ కీ కావాలో చెప్పే గుర్తు) నా దగ్గర ఫొటోలో ఉంది. బిల్లు పుస్తకంలో నా నంబరు ఉంది. ఆ ఖాతా తెరిచినప్పుడు ఒక్కసారి ఫోను చెయ్యి, ఐడీ చదివి వినిపిస్తాను.