గేమ్‌బాయ్ కెమెరా: ఫోటోలకు పూర్తిగా, సినిమాకు సగమే

నింటెండో సంస్థ, చేతిలో పట్టుకుని ఆడుకునే తన వీడియోగేమ్ పరికరం గేమ్‌బాయ్ కోసం 1998లో విడుదల చేసిన కెమెరాను ఇప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనవచ్చునా అని అడిగితే, ఫోటోల కోసమైతే నిస్సందేహంగా కొనవచ్చు, సినిమా తీయాలన్న కోరికతో అయితే కొంత ఆలోచించాలి అని చెబుతాను. ఆటల కేసెట్ మీదనే కెమెరాను అమర్చి, కటకాన్ని ముందుకైనా మన ముఖం వైపుకైనా తిప్పుకునేలా చేశారు. సెల్ఫీ అన్న మాట మనకు తెలియని రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

దీని బొమ్మ అడ్డంగా 128 చుక్కలు, నిలువుగా 112 చుక్కలు మాత్రమే. తెలుపు, నలుపు, మధ్యలో రెండు బూడిద ఛాయలు తప్ప మరో రంగు లేదు. ఆ నాలుగింటితోనే చుక్కలను ఒత్తుగానో పలుచగానో పేర్చి, పాత వార్తాపత్రికల్లోని ఫోటోల మాదిరిగా, లేని ఛాయలను ఉన్నట్లు భ్రమింపజేస్తుంది. విజయనగరం కోట బురుజులు ఇందులో అద్భుతంగా వస్తాయి, ఎందుకంటే ఎండ పడిన రాతికీ నీడకూ మధ్య గీత గీసినంత స్పష్టమైన తేడా ఉంటుంది. గంటస్తంభం కూడా అంతే. చుట్టూ ఉన్న బోర్డులు, తీగలు, ఆటోలు చుక్కల్లో కలిసిపోయి స్తంభం ఒక్కటే నిలుస్తుంది. దాని మీది గడియారంలో సమయం మాత్రం చదవలేము.

వెలుతురు తగ్గితే కథ మారుతుంది. మసక వెలుతురులో సెన్సార్ ఒక్కో బొమ్మకు ఎక్కువసేపు కాంతిని పోగుచేసుకోవలసి వస్తుంది కనుక తెర మీది కదలిక నత్తనడక నడుస్తుంది. తప్పెటగుళ్ల కళాకారులు గజ్జెలు ఘల్లుమనిపిస్తూ ఎగిరే వేగాన్ని సాయంత్రం పూట ఇది అందుకోలేదు. పైడితల్లి అమ్మవారి సిరిమాను గుడి నుంచి కోటకు మూడుసార్లు తిరిగే సంబరంలో ఎండ ఉన్నంతసేపే దీనికి పని ఉంటుంది. మొదటితరం గేమ్‌బాయ్ తెరకు వెనుక దీపం లేకపోవడం మరో ఇబ్బంది: చీకట్లో బొమ్మా రాదు, వచ్చినదీ కనిపించదు.

ఇక సినిమా సంగతి. తీసిన ఫోటోలను వరుసగా పేర్చి కదిలే బొమ్మగా చూపే సదుపాయం కేసెట్‌లోనే ఉంది. నిర్ణీత వ్యవధిలో తనంతట తాను ఫోటోలు తీసే ఏర్పాటూ, సొంతంగా బాణీ కట్టుకునే ట్రిప్పీ-హెచ్ అనే సంగీత పరికరమూ ఉన్నాయి. ఇన్ని సమకూర్చిన వారు ఆల్బమ్‌లో 30 ఫోటోలకే చోటు ఇచ్చారు. కదిలే బొమ్మకు అవి రెప్పపాటులో అయిపోతాయి. బొమ్మను బయటికి తీయడానికి ఆనాడు కంపెనీ ఇచ్చిన దారి థర్మల్ కాగితం మీద అచ్చువేసే గేమ్‌బాయ్ ప్రింటర్ ఒక్కటే. ఆ కాగితం మీది అచ్చు, బస్సు టిక్కెట్టు మీది అంకెల్లాగే, కాలక్రమేణా వెలిసిపోతుంది.

ఈ లోటు తీర్చే సాఫ్ట్‌వేర్‌ను ఊహించడం కష్టమేమీ కాదు. 2025 జూన్‌లో వచ్చిన నింటెండో ఆటల పరికరం స్విచ్ 2కు కెమెరా తగిలించుకోవచ్చు, కానీ అది ప్రధానంగా ఆడుతూ మిత్రులతో ముఖాముఖి మాట్లాడుకోవడానికి. దాని కోసం పాతకాలపు సినిమా కెమెరాలాంటి ప్రోగ్రామ్ ఒకటి వస్తే, రంగు వీడియో తీశాక పైన చుక్కలు చల్లే ఫిల్టర్‌గా మాత్రం ఉండకూడదు. అవి ఫోన్లలో కావలసినన్ని ఉన్నాయి. తీసే క్షణంలోనే నాలుగు ఛాయలు కనిపించాలి, అప్పుడే తీసేవారు ఎండను వెతుక్కుంటారు. 1965లో కోడాక్ తెచ్చిన సూపర్ 8 ఫిల్మ్ 50 అడుగుల చుట్ట, సెకనుకు 18 ఫ్రేముల చొప్పున, 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోయేది. నా ఊహలోని సాఫ్ట్‌వేర్ కూడా అంతే నిడివి ఇవ్వాలి, తీసినది చెరపడానికి వీలుండకూడదు, కూర్పు మాత్రం ఎన్నిసార్లయినా మార్చుకోనివ్వాలి. పాటల గ్రంథాలయం వద్దు. ట్రిప్పీ-హెచ్ వారసుడు ఒకటి, దానితోపాటు ధ్వని రికార్డు చేసే వీలూ ఉంటే తప్పెట దెబ్బ దాని బొమ్మతోనే వినబడుతుంది. ఇది అత్యాశ కాదు: 2008లో నింటెండో వారి మరో ఆటల పరికరం డీఎస్ఐ కోసం వచ్చిన ఫ్లిప్‌నోట్ స్టూడియో అనే ప్రోగ్రామ్ నలుపు, ఎరుపు, నీలం రంగులతోనే, వాడేవారి గొంతును కూడా కలుపుకొని, కదిలే బొమ్మలు గీయించింది.

అలాంటిది వచ్చేలోగా పాత కెమెరాయే కొనేవారు ఒక సంగతి గమనించాలి. ఫోటోలు కేసెట్ లోపలి బటన్ సెల్ మీద ఆధారపడి నిలుస్తాయి. అది అయిపోతే ఆల్బమ్ ఖాళీ అవుతుంది. కొత్త సెల్‌ను సోల్డరింగ్ చేసి బిగించాలి కాబట్టి, కొన్న వెంటనే, ఇంకా ఏమీ తీయకముందే, చెయ్యి తిరిగిన సెల్‌ఫోన్ మెకానిక్ చేత మార్పించుకోవడం మంచిది.