వయోలిన్ ఒక్కటే: బాఖ్ సోలోలను తెర మీద చూస్తూ కొన్నేళ్లు

నెదర్లాండ్స్ బాఖ్ సొసైటీ అనే సంగీత బృందం వాళ్లు జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలన్నిటినీ చిత్రీకరించి ఉచితంగా అందిస్తున్నారు. వాటిలో వయోలినిస్టు షున్‌స్కే సాటో వాయించిన రెండో పార్టిటాను (నాట్య రూపాల వరసగా ఒక్క వయోలిన్‌కే కూర్చిన రచన) కొన్నేళ్లుగా చూస్తూనే ఉన్నాను. ఈ సంగీతం నాకు ఒంటబట్టింది వినడం వల్ల కాదు, చూడడం వల్లే.

అంతా కమానులోనే ఉంది. తీగల్ని ఎత్తిపట్టే వయోలిన్ బ్రిడ్జి వంపుగా ఉంటుంది కనుక నాలుగు తీగల్నీ ఒకేసారి మోగించి నిలపడం కుదరదు. కింది రెండింటినీ తాకిన కమాను వెంటనే పై తీగల మీదికి దొర్లుతుంది. కింది స్వరం ఆగిపోయినా చెవిలో నిలిచే ఉంటుంది. ఉత్త ఆడియోలో ఈ చోట్లు నాకు కలగాపులగంగా వినిపించేవి. మణికట్టు కదలిక చూశాక ఏ స్వరం ఏ వరసదో విడివిడిగా తెలిసింది.

ఈ పార్టిటా చివర వచ్చే షకోన్ అనే భాగం దాదాపు పావుగంట. 1720 నాటి బాఖ్ స్వహస్త ప్రతిలోని ఆరు వయోలిన్ సోలోల్లో ఇంత పొడవైన భాగం మరొకటి లేదు. నాలుగేసి బార్ల (తాళపు కొలతల) వరస ఒకటి ప్రతిసారీ కొత్త రూపంలో తిరిగొస్తుంది. మధ్యలో మైనర్ స్కేలు మేజర్ స్కేలుగా మారుతుంది. మన లెక్కలో సాధారణ గాంధారం పోయి అంతర గాంధారం వస్తుంది. ఎన్నిసార్లు చూసినా అక్కడ నా ఒళ్లు పులకరిస్తుంది.

కర్ణాటక వయోలిన్ తెలిసినవాళ్లు ఎడమ చేతిని గమనించాలి. మనం వాయిద్యం తలను పాదం మీద ఆనిస్తాం కనుక చెయ్యి గమకానికి జారుతూ పోతుంది. గడ్డం ఆనించే చిన్ రెస్ట్ వచ్చింది 1820 ప్రాంతంలో. బాఖ్ కాలపు బరోక్ పద్ధతిలో అది ఉండదు. వాయిద్యాన్ని మోసే పని కూడా ఉన్న చెయ్యి ఆచితూచి కదులుతుంది.

ఇలాంటి వీడియోల్లో నాకు నచ్చనిదల్లా, కమాను చూడాల్సిన క్షణంలో కెమెరా ముఖం మీదికి పోవడం.

ఫోన్ స్పీకరులో మాత్రం వినకండి. పేగు తీగ మీద కమాను గరగర వినిపించకపోతే సగం రుచి పోయినట్టే. వీడియోతో కలిసి వాయించాలనుకుంటే తీగల శ్రుతి దించుకోండి. బరోక్ వాయిద్యకారులు ఎక్కువగా ఎ స్వరాన్ని 440 హెర్ట్జ్‌కి కాక 415కి శ్రుతి చేస్తారు.

కొత్తవాళ్లు బాఖ్ కన్నా ముందు అంతకు ముందు తరం స్వరకర్త బీబర్ ఒంటరి వయోలిన్‌కి రాసిన పాసకాలియా చూడడం మంచిది. స ని ద ప అని దిగే నాలుగు స్వరాలే అందులో 65 సార్లు వస్తాయి. వాటిని వదలకుండా పట్టుకుని చూస్తే షకోన్‌లో ఏం వెతకాలో తెలుస్తుంది.