ఐబీనా, కేంబ్రిడ్జా? ముందు టీచరు సంగతి అడగండి

మా అమ్మాయిని ఆరో తరగతిలో బడి మార్చినప్పటి నుంచి తెలిసినవాళ్లంతా అడిగేది ఒక్కటే: ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) మేలా, కేంబ్రిడ్జి మేలా? రెండూ అంతర్జాతీయ పాఠ్యవిధానాలే, రెండింటి ఫీజూ గుండె గుభేలుమనిపించేదే. ఆ రెండు మాటలూ పక్కన పెడదాం.

కేంబ్రిడ్జి వాళ్ల పదో తరగతి స్థాయి కోర్సు ఐజీసీఎస్ఈ 1988లో మొదలైంది. ప్రతి సబ్జెక్టుకూ సిలబస్ రాసి ఉంటుంది, ప్రశ్నపత్రం బయటి నుంచి వస్తుంది, పాత పేపర్లు దొరుకుతాయి. 1968లో జెనీవాలో పుట్టిన ఐబీ దారి వేరు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు అది నడిపే ఎంవైపీ (మిడిల్ ఇయర్స్ ప్రోగ్రామ్)లో ఫలానా పాఠ్యపుస్తకమే చదవాలన్న నియమం లేదు. చట్రం వాళ్లిస్తారు, పాఠం టీచరు అల్లుకోవాలి.

అల్లగలిగిన టీచరుంటే ఎలా ఉంటుందో హైదరాబాద్‌లోనే ఒక ఐబీ బడిలో చూశాను. ఐదో తరగతి గోడకు పసుపు ప్యాకెట్ అంటించారు. దాని నుంచి ఒక దారం నిజామాబాద్ మార్కెట్ యార్డుకు, అక్కడి నుంచి ఓడరేవుకు, ఆపైన గల్ఫ్‌కు. దారం పక్కన ఎవరో పిల్ల పెన్సిలుతో తెలుగులో రాసింది: 'ఇందులో రైతుకు ఎంత?' ఆ టీచరు అక్కడ తొమ్మిదేళ్లుగా ఉన్నారట.

మరో ఐబీ బడిలో వరండా నిండా దేశదేశాల జెండాలు, విదేశీ వంటల పండుగ ఫోటోలు. ఒక్క ఏడాదిలో సైన్సుకు ముగ్గురు టీచర్లు మారారని గేటు దగ్గర ఒకావిడ చెప్పారు. కేంబ్రిడ్జిలో అలా జరిగితే కనీసం సిలబసూ పాత పేపర్లూ మిగులుతాయి. ఇక్కడ పాఠం టీచరుతోనే వెళ్లిపోతుంది, మిగిలేది ల్యాప్‌టాప్.

ప్రభుత్వ బడుల్లోకి ఐబీ తెస్తామని 2024 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఒప్పందం చేసుకున్నప్పుడూ నాకు తోచింది ఇదే: బదిలీల మధ్య ఆ టీచరును ఎన్నేళ్లు ఒకచోట ఉంచుతారు?

సీబీఎస్ఈ అంటారా, జేఈఈ రాయించాలనుకుంటే అది చాలు. స్టేట్ బోర్డు సంగతి మనందరం చదివిందే.

మేము కేంబ్రిడ్జిలో వేశాం. పసుపు ప్యాకెట్ బడిలో సీటు దొరకలేదు. ఖాళీ అయితే ఫోన్ చేస్తామన్నారు, నంబరు ఇచ్చి వచ్చాను.