కారు బ్రేక్ ప్యాడ్లతో పాటు విడి గ్రీజు ఇస్తే తీసుకోకండి

ఇంట్లోనే బ్రేక్ ప్యాడ్లు మార్చుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నాది ఎనిమిదేళ్ల పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్. ముందు చక్రాల ప్యాడ్లు నేనే వేస్తుంటాను. జూన్‌లో హైదరాబాద్‌లో ఒక స్పేర్ పార్ట్స్ షాపులో సెట్టు కొని, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) అటూ ఇటూ జరిగే పిన్నులకు గ్రీజు కూడా అడిగాను. షాపతను పెద్ద డబ్బాలోంచి పసుపు గ్రీజు తీసి ప్లాస్టిక్ కవర్లో వేసి, "ఇది బ్రేకులకే సార్, అందరూ ఇదే తీస్కపోతరు" అన్నాడు. ఇరవై రూపాయలు. బిల్లంటే జీఎస్టీ అదనం అన్నాడు, వద్దులే అన్నాను. అక్కడే రెండు తప్పులు చేశాను.

నెల తిరిగేసరికి మైలేజీ పడిపోవడం మొదలైంది. ట్యాంకు ఫుల్ చేసిన ప్రతిసారీ లెక్క కట్టడం నా అలవాటు. 17 ఇచ్చే బండి 14కి, తర్వాత 12.5కి వచ్చింది. అందరిలాగే ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్‌ను తిట్టుకున్నాను. నిజానికి ఈ10 నుంచి ఈ20కి మారితే లెక్క ప్రకారం తగ్గేది మూడు నాలుగు శాతమే, నాకు తగ్గింది పావు వంతు. అనుమానం రావాల్సింది, రాలేదు. బంకు మార్చాను, టైర్లలో గాలి కొట్టించాను, ఇంజెక్టర్లు క్లీన్ చేయించి 2,800 వదిలించుకున్నాను.

ఆగస్టులో ఇంటిల్లిపాదీ శ్రీశైలం బయల్దేరాం. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు ఘాట్ దిగుతుంటే కాలిన వాసన. "ఏదో మాడుతోందిరా" అని వెనక నుంచి అమ్మ అంటే, ముందు పోతున్న లారీది అనుకున్నాను. రెండు మలుపులు తిరిగాక పెడల్ మెత్తగా లోపలికి దిగిపోయింది. గేర్లు తగ్గిస్తూ, హ్యాండ్‌బ్రేక్ మెల్లగా లాగుతూ ఎలాగో పక్కన ఆపాను. ముందు ఎడమ చక్రంలోంచి పొగ. నీళ్లు పోయబోతుంటే, కాలిన డిస్కు పగులుతుందని అటుగా వచ్చిన జీపు డ్రైవరు ఆపాడు. ముప్పావుగంట అక్కడే కూర్చున్నాం.

మెకానిక్ విప్పి చూసి మొదట అడిగిన మాట, "ఏం పూసిన్రు సార్ దీనికి?" పిన్ను చివరనున్న రబ్బరు బుష్ ఉబ్బిపోయి, రంధ్రంలో పిన్ను బిగుసుకుంది. సుత్తితో కొట్టి తీయాల్సి వచ్చింది. పెట్రోలియంతో చేసిన మామూలు గ్రీజు బ్రేకుల్లోని రబ్బరుకు పడదు, దాన్ని పీల్చుకుని ఉబ్బుతుంది. పిన్ను జరగకపోతే పెడల్ వదిలినా ప్యాడు డిస్కును రాస్తూనే ఉంటుంది. రెండు నెలలు నేను బ్రేకు తొక్కి పెట్టి బండి నడిపినట్టే అయింది. పైగా బ్రేక్ ఆయిల్ మార్చి నాలుగేళ్లయింది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక 155 దగ్గరే మరగొచ్చు. మరిగితే ఆవిరి బుడగలొచ్చి పెడల్ మెత్తబడుతుంది. రెండేళ్లకోసారి మార్చమనేది ఇందుకే.

డిస్కు, పిన్నులు, బుష్‌లు, ఆయిల్, కూలీ కలిపి 9,400. షాపుకెళ్లి అడిగితే "బిల్లుందా?" అన్నాడు. అంతే, తిరిగొచ్చేశాను.

కొనేటప్పుడు బ్రేక్ పిన్నులకు, రబ్బరుకు పనికొస్తుందని ట్యూబు మీద రాసి ఉన్న సీల్డ్ సిలికాన్ గ్రీజే తీసుకోండి. బిల్లు లేకుండా కదలకండి. మైలేజీ తగ్గితే ఇంజిన్ మీద పడేముందు హైవే మీద కాస్త నడిపి, ఆగాక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి వేడి పోల్చి చూడండి. డిస్కును మాత్రం ముట్టుకోవద్దు. ఒక చక్రం దగ్గరే సెగ కొడుతుంటే అక్కడ బ్రేకు పట్టేస్తున్నట్టు. నాకిప్పుడు మళ్లీ 16.8 వస్తోంది.

ఇప్పటికే విడి గ్రీజు పూసినవాళ్లు ఈసారి ఘాట్ ఎక్కేముందు జాకీ ఒక్కదాన్నే నమ్మకుండా కింద స్టాండు పెట్టి, చక్రం విప్పి పిన్నులు చూడండి. చేత్తో తోస్తే జరగాలి. జరగకపోతే ఆ బండిలో ఊరికి వెళ్లకండి.