పాత ప్లాస్టిక్ గాజులు, ఏడేళ్ళుగా నేను చేస్తున్న టెస్టులు: ఏది పనికొచ్చింది, ఏది ముంచింది

నేనుండేది న్యూజెర్సీలో. ఏడేళ్ళ కింద ఒక ఆదివారం లాంబర్ట్‌విల్ ఫ్లీ మార్కెట్‌కి టైంపాస్‌కి వెళ్ళి, బెల్లం పాకం రంగులో ఉన్న లావుపాటి గాజు ఒకటి ఆరు డాలర్లకి కొన్నా, అది బేకలైట్ అనే పాతకాలపు ప్లాస్టిక్ అని తర్వాతెప్పుడో తెలిసింది, అంతే ఇక పిచ్చి పట్టుకుంది. ఇప్పుడు రెండు డ్రాయర్ల నిండా 1920ల నుంచి 50ల దాకా వచ్చిన గాజులు, బ్రోచ్‌లు, పూసల దండలు. మా ఆయన దృష్టిలో అదంతా చెత్తే అనుకోండి. ఏది ఏ ప్లాస్టికో కనిపెట్టడానికి జనం చెప్పే టెస్టులు దాదాపు అన్నీ చేసి చూశా, డబ్బులూ పోగొట్టుకున్నా, అందుకే ఈ రివ్యూ.

ముందు అందరూ చెప్పే సిమిక్రోమ్ సంగతి. ఇది జర్మనీ మెటల్ పాలిష్, గులాబీ రంగు పేస్టు, అసలు గాజుల కోసం తయారుచేసింది కాదు. ఇయర్ బడ్ మీద బియ్యపు గింజంత తీసుకుని గాజు లోపలివైపు రుద్దాలి, బేకలైట్ అయితే బడ్ పసుపెక్కుతుంది. గాజు ఎర్రదైనా ఆకుపచ్చదైనా బడ్ మీద మాత్రం పసుపే. చిన్నప్పుడు పసుపులో సున్నం కలిపితే ఎర్రగా తిరగడం చూసి ఎంత ఆశ్చర్యపోయానో ఇదీ అంతే. కానీ ఆ పసుపు వచ్చేది ఏళ్ళ తరబడి గాలి తగిలి మారిపోయిన పైపొర నుంచి. అమ్మేవాడు ముందే బాగా పాలిష్ కొట్టేసి ఉంటే ఆ పొరే ఉండదు, బడ్ గులాబీగానే ఉంటుంది. నల్లవాటితో కూడా ఒక్కోసారి ఇంతే. కాబట్టి పసుపొస్తే నమ్ముతా, రాకపోతే ఏమీ తేల్చను. ఒక ట్యూబు నాలుగేళ్ళొచ్చింది, డబ్బుకి న్యాయం చేసింది.

ఆ పైపొర వల్ల ఇంకో తమాషా ఉంది. నా దగ్గర ఒక ముదురాకుపచ్చ గాజుకి లోపల చిన్న పెచ్చు ఊడింది, భూతద్దం పెట్టి చూస్తే ఆ ఊడినచోట నీలం! అంటే అది కొత్తలో నీలం గాజు, పైన పసుపు పొర పట్టి ఆకుపచ్చ అయింది. తెల్లవి వెన్న రంగుకి తిరుగుతాయి, గ్లాసులా ఉండేవి ఆపిల్ జ్యూస్ రంగుకొస్తాయి. అసలు రంగు చూద్దామని మొత్తం పాలిష్ కొట్టేయకండి, ఆ ముదురు రంగు కోసమే ఎక్కువ డబ్బులిచ్చేవాళ్ళున్నారు.

మన ప్రెషర్ కుక్కర్ పిడి, పాత ఇళ్ళలో గుండ్రటి నల్ల స్విచ్చులు కూడా బేకలైటే కదా, మరి ఇవేంటి ఇంత రంగురంగులుగా ఉన్నాయి అని నాకూ డౌటొచ్చింది. 1907లో లియో బేక్లాండ్ అమెరికాలో కనిపెట్టినదాన్ని సాధారణంగా చెక్కపొడి కలిపి అచ్చువేసేవాళ్ళు, అందుకే నలుపూ గోధుమే. 1927లో ఆయన పేటెంట్ గడువు అయిపోయాక కాటలిన్ లాంటి కంపెనీలు పొడి కలపకుండా పోతపోసిన రకం తెచ్చాయి, సీసం అచ్చుల్లో పోసి రోజుల తరబడి వేడిలో ఉంచి, గట్టిపడ్డాక ముక్కలు కోసి చెక్కేవాళ్ళు. నగలన్నీ దాదాపు ఈ రకమే. కోసి చెక్కింది కాబట్టి అచ్చు అతుకు గీత ఉండదు, ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే సగం మోసాలు తప్పించుకోవచ్చు.

నేను గుర్తుపెట్టుకోలేదు, అది వేరే విషయం. ఆన్‌లైన్లో ఒకావిడ దగ్గర గ్యారంటీ బేకలైట్ అంటే 85 డాలర్లు పెట్టి ఎర్ర చెక్కుడు గాజు తెప్పించా, చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది, లోపలివైపు గోరుతో గీస్తే సన్నటి గీత తగిలింది. ఒక గ్లాసు నీళ్ళలో ఇక కరగనంత ఉప్పు కలిపి అందులో వేశా, హాయిగా తేలింది. బేకలైట్ అయితే మునగాల్సిందే, తేలేది లూసైట్ లాంటి అక్రిలిక్, పాలిస్టైరిన్, ఇంకా అసలైన అంబర్. కానీ మునిగినంత మాత్రాన బేకలైట్ అని సంబరపడకండి, కొత్త రెజిన్లు కొన్ని మునుగుతాయి, సెల్యులాయిడూ (ఇంకో పాత ప్లాస్టిక్, దాని కథ కింద చెప్తా) మునుగుతుంది. రాళ్ళు పొదిగినవీ, మెటల్ ఉన్నవీ ఇలా అస్సలు వెయ్యొద్దు. ఆవిడ మాత్రం అది మా నానమ్మది అని ఒకటే మాట, డబ్బులు వెనక్కి రాలేదు.

నాకు బాగా పనికొచ్చింది మాత్రం ముక్కే. గాజుని ట్యాప్ వేడినీళ్ళ కింద అరనిమిషం పెట్టి వెంటనే వాసన చూడాలి, బేకలైట్ అయితే ఇంటర్ బైపీసీ ల్యాబ్‌లో కప్పల్ని నిల్వ ఉంచే ఫార్మలిన్ జాడీ మూత తీసినట్టు గుప్పుమంటుంది. కప్పని కోసినవాళ్ళకి ఇంకేం చెప్పక్కర్లేదు.

కానీ ఈ వేడినీళ్ళే నా కొంప ముంచాయి ఒకసారి. క్రోమ్ గొలుసుకి ఎరుపూ నలుపూ బిళ్ళలున్న దండ ఒకటి దొరికింది, ట్యాప్ కింద చూస్తే సరిగ్గా తేలలేదని గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో వేశా, ఈలోపు ఇండియా నుంచి ఫోనొచ్చింది, తిరిగొచ్చేసరికి బిళ్ళల అంచులు మెరుపు పోయి బూడిద కొట్టినట్టున్నాయి, వారం తిరిగేసరికి వెంట్రుకల్లాంటి పగుళ్ళు. అది గాలలిత్. విరిగిన పాలలోంచి తీసిన కేసిన్ అనే ప్రోటీన్‌ని ఫార్మలిన్‌లో నానబెట్టి గట్టిపరిచింది, 1899 నాటి జర్మన్ పేటెంట్. నీళ్ళు పీలుస్తుంది, ఉబ్బుతుంది, ఆరాక పగులుతుంది. ఇప్పుడు అనుమానం ఉన్నదాన్ని పొడిగుడ్డతో గట్టిగా రుద్ది వేడెక్కగానే ముక్కు దగ్గర పెట్టుకుంటా, పాలు అడుగంటిన వాసన లీలగా వస్తే ఇక నీళ్ళ జోలికే పోను.

ఇక సెల్యులాయిడ్. దీనికి నాకు గురువు మా అమ్మ. ఆర్నెల్లు ఉండడానికి వచ్చినప్పుడు డ్రాయర్లోంచి దంతం రంగు సన్నగాజు ఒకటి తీసి పమిటకి తుడిచి, "ఇదేంటే, దేవుడి గది వాసనొస్తోంది" అంది. నేను అప్పటికి రెండేళ్ళుగా వేడినీళ్ళూ పేస్టులూ అని తిప్పలు పడుతున్నా, అమ్మకి రెండు సెకన్లు పట్టింది. సెల్యులాయిడ్‌లో కలిపేదే కర్పూరం మరి. 1870 ప్రాంతంలో అమెరికాలో హయత్ అనే ఆయన పేటెంట్ చేశాడు, తర్వాత ఆ కర్పూరం కోసం ప్రపంచం అంతా జపాన్ చేతిలో ఉన్న తైవాన్ వైపు చూసేది. "మా అమ్మమ్మ రబ్బరు గాజులు కూడా ఇలాగే ఉండేవే" అని కూడా అంది అమ్మ.

అందుకే కాల్చిన సూది గుచ్చి చూడమని ఎవరైనా చెప్తే దండం పెట్టి పక్కకి తప్పుకోండి. బేకలైట్‌కి సూది దిగదు, నిజమే, కానీ చేతిలో ఉన్నది సెల్యులాయిడ్ అయితే అది పాత సినిమా రీళ్ళ సరుకే, హారతి కర్పూరంలా భగ్గుమంటుంది. ఈ టెస్టుకి నేనిచ్చేది సున్నా.

దాచే పద్ధతి కూడా తేడా చేస్తుంది. నాలుగు సెల్యులాయిడ్ బ్రోచ్‌లు జిప్‌లాక్ కవర్లో భద్రంగా దాచా, ఏడాదికి తీస్తే ఒకటి చిట్లి జిగురు కారుతోంది, దాని పక్కనున్న మిగతావాటి పిన్నులు కూడా పచ్చగా చిలుం పట్టాయి. అది పాడవడం మొదలైతే ఆమ్లం వదులుతుంది, గాలి ఆడకపోతే అది పక్కవాటినీ తినేస్తుంది. ఇప్పుడు విడివిడిగా కాగితంలో చుట్టి అట్టపెట్టెలో, స్టవ్‌కీ ఎండకీ దూరంగా.

ఇదంతా విన్నాక అమ్మ రేపల్లె వెళ్ళగానే అటక మీంచి ట్రంకుపెట్టె దింపించి వీడియో కాల్ చేసింది. అమ్మమ్మ వాళ్ళమ్మ గాజులు ఒక డజను, చాలావరకు పొడిపొడి అయిపోయాయి, పక్కనున్న ఇత్తడి కుంకుమ భరిణె పచ్చగా తిరిగింది. రెండు మాత్రం బాగున్నాయి. వాసన చూడమంటే చూసి తలూపింది. గాలి తగిలేచోట పెట్టమ్మా అంటే దేవుడి గదిలో పెడతానంది, అక్కడ మాత్రం వద్దమ్మా తల్లీ, పొద్దునా సాయంత్రం దీపం పెడతావు అని బతిమాలుకున్నా.